లుగోవెట్స్ పట్టణ ప్రథమ విముక్తి

లుగోవెట్స్ పట్టణం శత్రువు చేతుల్లోంచి రెండుసార్లు విముక్తి పొందింది. మొదటిసారి దాన్ని నాయకుడు విముక్తం చేశాడు. ఆ ఘట్టం రాజధానిలో జరిగింది. రెండోసారి సైన్యం విముక్తం చేసింది. అది లుగోవెట్స్‌లోనే జరిగింది. ఈ రెండింటిలో మొదటిదే చారిత్రకమైనదని వేరే చెప్పనక్కర్లేదు.

ప్రథమ విముక్తి నవంబరు ఆరో తారీఖు సాయంత్రం జరిగింది. మర్నాడు విప్లవ పండగ. పండగ వస్తే నాయకుడు దేశానికి ఒక ఊరిని కానుకగా ఇవ్వడం రివాజు. పిల్లలకు కొత్త బట్టలు తెచ్చే తండ్రికి దర్జీ ఎంత అవసరమో, ఈ కార్యక్రమంలో సైన్యం కూడా అంత అవసరమే. కాని దర్జీ ఆలస్యం చేశాడని తండ్రి పండగ మానుకోడు. రేడియోలో గంభీరమైన గొంతు లుగోవెట్స్ మనదైందని ప్రకటించింది. రాజధానిలో ఫిరంగులు మోగాయి. తారాజువ్వలు లేచాయి. ఆ ఊరు పటంలో ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా వీధుల్లోకి వచ్చి ఆనందబాష్పాలు రాల్చారు.

ఊళ్లో ఉన్న జర్మన్లకు మాత్రం ఈ సంగతి తెలియలేదు. వాళ్లకు మన రేడియో వినే అలవాటు లేదు. అందుచేత ఓడిపోయాక కూడా యథాప్రకారం రాత్రి భోజనం చేసి, కాపలా మార్చుకుని పడుకున్నారు. శత్రువు ఎంత వెనకబడినవాడో చెప్పడానికి ఇదొక్కటి చాలు. సంత వీధిలో ఒక నేలమాళిగలో తలదాచుకున్నవాళ్ల దగ్గర దొంగచాటు రేడియో ఒకటి ఉండేది. తమకు స్వేచ్ఛ వచ్చిందని వాళ్లు దానిలో విన్నారు. ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. నెత్తిమీద జర్మన్ల బూట్లు తిరుగుతున్నాయి కాబట్టి శబ్దం రాకుండా ఏడ్చారు.

ఈ సంగతులన్నీ పోర్ఫీరీ ల్యాదోవ్‌కు కూలంకషంగా తెలుసు. తెలియకపోతే ఉద్యోగం చెయ్యలేడు. యుద్ధం అయ్యాక ఆ ఊళ్లో పెట్టిన ప్రదర్శనశాలకు అతను అధిపతి. ఏది చూపించాలో ఏది చూపించకూడదో చూసుకోవడం అతని పని. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతనే. ఆ చదువుకు డబ్బు పంపింది రొట్టెల బట్టీలో పనిచేసే అక్క అగ్రాఫేనా. బావ నికీఫోర్ ఆ ఊరి వడ్రంగి. ద్వితీయ విముక్తిలో చనిపోయాడు.

ద్వితీయ విముక్తి గురించి రెండు ముక్కలు చెప్పాలి. లుగోవెట్స్‌ను నది రెండుగా చీలుస్తుంది. ఏడో తారీఖు పొద్దున కెప్టెన్ తఖ్తారోవ్ తన దళంతో ఇవతలి ఒడ్డుకు చేరాడు. వంతెన మీదుగా ఊళ్లోకి నడిచి, సంత మైదానంలో విజయోత్సవ సభ జరపాలని అతనికి ఉత్తర్వు. వంతెన పటంలో ఉంది. నదిమీద లేదు, జర్మన్లు పేల్చేశారు. అవతల ఇంకా జర్మన్లున్నారని కెప్టెన్ పైకి విన్నవించాడు. విముక్తమైన ఊళ్లో జర్మన్లున్నారని పుకార్లు పుట్టించడం నేరమని పైనుంచి జవాబొచ్చింది. అంతటితో ఊరుకుని సభ జరిగినట్టు నివేదిక రాసి పంపితే కెప్టెన్ ఈపాటికి జనరల్ అయ్యుండేవాడు. ఆయన ఇంటింటికీ వెళ్లి పీపాలు అడిగాడు.

నవంబరు మొదట్లో ఆ ఊళ్లో ప్రతి ఇంటా క్యాబేజీ ఊరుతూ ఉంటుంది. తరిగి, ఉప్పు కలిపి, ఓక్ పీపాల్లో తొక్కి పెడితే వేసవి దాకా అదే కూర, అదే పులుసు. ఇవతలి ఒడ్డు ఆడవాళ్లు శీతకాలం తిండిని వీధిలో పారబోసి పీపాలు ఇచ్చారు. వాటిని తాళ్లతో కట్టి, పైన తలుపులు పరిచి, ఎనిమిదో తారీఖు తెల్లవారుజామున మంచులో సైనికులు నది దాటారు. మధ్యాహ్నానికి ఊరు రెండోసారి మనదైంది. సగంమంది నీళ్లలోనే ఉండిపోయారు. నికీఫోర్ ఆ సగంలోవాడు.

ముందురోజు సాయంత్రం అతను కెప్టెన్ దళంలో సైనికుడిగా ఇంటికొచ్చాడు. రెండేళ్ల తర్వాత రావడం. వచ్చినవాడు భార్యను చూసి ఒకసారి నవ్వి, తిన్నగా నేలకొట్లోకి దిగి పీపా పైకి తెచ్చి గుమ్మం ముందు బోర్లించాడు. అగ్రాఫేనా నెత్తి కొట్టుకుని తిట్టింది. "రెండేళ్లకి ఇంటికొచ్చి చేసే నిర్వాకం ఇదా? వేసవి దాకా ఏం తింటాం, నీ తుపాకీనా?" అంది. "అవతలి ఒడ్డున వెతుక్కుందాంలేవే," అన్నాడతను. పీపా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వాళ్లిద్దరూ ఆఖరుసారి మాట్లాడుకున్నది క్యాబేజీ గురించి.

యుద్ధం ముగిశాక సంత మైదానంలో స్మారక స్తంభం లేచింది. లుగోవెట్స్ విముక్తికి ప్రాణాలిచ్చిన వీరుల పేర్లు దానిమీద చెక్కారు. ఆరో తారీఖు సాయంత్రానికల్లా చనిపోయే జాగ్రత్త తీసుకున్నవాళ్లందరికీ చోటు దొరికింది. ఎనిమిదిన చనిపోయినవాళ్ల విషయంలో ప్రభుత్వానికి ఒక సున్నితమైన ఇబ్బంది ఎదురైంది: అప్పటికి ఆ ఊళ్లో యుద్ధమే లేదు. అగ్రాఫేనా సైనిక కార్యాలయానికి వెళ్లి అడిగితే అక్కడి ఉద్యోగి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి అడిగాడు.

"మీ ఆయనకి ఈత రాదామ్మా?"

"చేపలా ఈదేవాడు."

"మరెలా మునిగిపోయాడు?"

"తూటా తగిలింది బాబూ."

"ఎవరు కాలుస్తారమ్మా? ఊరు మనదయ్యి రెండ్రోజులైంది కదా."

నికీఫోర్ మరణం 'అజాగ్రత్త వల్ల' అన్న విభాగంలోకి వెళ్లింది. కెప్టెన్ తఖ్తారోవ్‌ను విముక్త ప్రాంతానికి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినందుకు, అదీ క్యాబేజీ కంపు కొడుతూ వచ్చినందుకు, హోదా తగ్గించి ఇంటికి పంపారు. ఆయనకు ఇల్లు లేదు కాబట్టి లుగోవెట్స్‌లోనే ఉండిపోయి ఊరి స్నానశాలలో పొయ్యి రాజేసే పనిలో కుదిరాడు.

ఆ రోజునుంచీ అగ్రాఫేనా తమ్ముణ్ణి ఒకే ఒక్క కోరిక కోరింది. పింఛను వద్దంది, పతకం వద్దంది. "నీ బావ పేరు ఆ రాతి మీదికెక్కించరా," అంది. పోర్ఫీరీ సరేనన్నాడు. ప్రతి ఆదివారం అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడల్లా సరేనంటూ వచ్చాడు.

అవకాశం కోసం అతను చూడకపోలేదు. విజయంలో నాయకుడి పాత్ర ఎంతో జనానికి కళ్లకు కట్టినట్టు చూపించాలని జిల్లా సంఘంనుంచి ఉత్తర్వు వచ్చింది. గోడంత గుండ్రటి పటం గీసి, అందులో ఎవరి వాటా ఎంతో రంగుల్లో చూపించాలన్నారు. నాయకుడి మేధస్సుకు ఎరుపు. సైన్యానికి, ప్రజలకు, వాతావరణానికి తలా ఒక రంగు. సలహా సంఘం సమావేశమైంది. ఎరుపు ఎంత ఉండాలో చెప్పమని పోర్ఫీరీ అడిగితే, సభ్యులు కిటికీలోంచి బయటికి చూశారు. తక్కువ చెప్పడం ప్రమాదం. ఎక్కువ చెబితే, మిగిలిన కాస్తా ఎవరికిస్తున్నావని అడుగుతారు. చివరికి పాఠశాల చిత్రలేఖనం మాస్టారు వృత్తమంతా ఎర్రగా పూసి, ఒక అంచున గుర్రపు వెంట్రుకంత తెల్లగీత వదిలాడు.

జిల్లానుంచి వచ్చిన పర్యవేక్షకుడు బెస్సోనోవ్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాడు. పిల్లలు గలవాడు.

"ఈ తెలుపు ఎవరిది, కామ్రేడ్?" అని అడిగాడు.

"సైన్యానిదండీ," అన్నాడు పోర్ఫీరీ.

"సైన్యాన్ని నడిపిందెవరు?"

సాయంత్రానికి తెల్లగీత లేదు. గోడ మీద పెద్ద ఎర్రటి గుండ్రం మిగిలింది. చూడటానికొచ్చిన పల్లెటూరి ఆడవాళ్లు దాన్ని బీట్‌రూట్ అనుకుని, పంట బాగుందని మెచ్చుకున్నారు.

అదే రోజు బెస్సోనోవ్ ప్రసన్నంగా ఉండటం చూసి పోర్ఫీరీ బావ సంగతి కదిపాడు. సూటిగా కదపలేదు. నాయకుడి దూరదృష్టి ఎంత గొప్పదంటే, ఊరు విముక్తం కాకముందే దాన్ని విముక్తంగా చూడగలిగిందని మొదలుపెట్టాడు. సైన్యం చేసిందల్లా ఆ దృష్టిని ఖరారు చెయ్యడమేనన్నాడు. కాబట్టి ఎనిమిదిన చనిపోయినవాళ్లను 'ఖరారు దశ వీరులు' అనవచ్చునన్నాడు. ఇంత అందమైన వాక్యం తన జన్మలో మళ్లీ కుదరదని అతనికే అనిపించింది.

బెస్సోనోవ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగుంది. కాని ఖరారు చెయ్యాల్సొచ్చిందంటే, అంతకుముందు అనుమానం ఉన్నట్టే కదా పోర్ఫీరీ? నాకు లేదు. నీకుందా?"

పోర్ఫీరీకి కూడా లేదని తేలింది. ఆ ఆదివారం అక్క వడ్డించిన పులుసు అతను తలెత్తకుండా తాగాడు.

"అడిగావట్రా?"

"అడిగానక్కా. ఆలోచిస్తున్నారు."

"ఆలోచించడానికేముంది, ఆయన చచ్చిపోయాడు కదా," అంది అగ్రాఫేనా. తమ్ముడి పళ్లెంలో ఇంకో గరిటె వేసింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు నాయకుడు కూడా చనిపోయాడు. ఊరు వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చిన కళ్లు ఆరాక, మరి కొన్నాళ్లకు, రాజధానిలో ఒక కొత్త పరిశోధనా ఫలితం వెలువడింది: యుద్ధాన్ని గెలిచింది నాయకుడి వల్ల కాదు, నాయకుడు ఉన్నప్పటికీ. పోర్ఫీరీకి బెస్సోనోవ్ నుంచి వెంటనే కబురొచ్చింది. ఎర్ర గుండ్రాన్ని తెల్లగా పూయాలి. చిత్రలేఖనం మాస్టారు మూడు పూతలు వేశాడు. ఎరుపు కిందనుంచి గులాబీగా తేలుతూనే ఉండటంతో, ఆ గోడకు అడ్డంగా ఎలుగుబంటి బొమ్మను నిలబెట్టారు.

పోర్ఫీరీ ఆ రోజు ప్రదర్శనశాలకు తాళం కూడా వెయ్యకుండా అక్క దగ్గరికి పరిగెత్తాడు. ఇక అడ్డేముంది? రేడియో చెప్పింది తప్పని ఇప్పుడు చెప్పవచ్చు. విముక్తి తారీఖు ఎనిమిదికి మారుతుంది. బావ వీరుడవుతాడు. అగ్రాఫేనా పిండి చేతులతోనే తమ్ముడి మొహం పట్టుకుంది. ఇన్నేళ్లలో అతను అక్క ఏడవడం చూడటం అదే మొదలు.

బెస్సోనోవ్ కూడా అడ్డు చెప్పలేదు. ఇప్పుడు ఏ విషయమైనా ప్రజలే తేల్చుకోవాలన్నది కొత్త పద్ధతి. సినిమా హాలులో సభ పెట్టించాడు. వేదికమీద ఎర్రగుడ్డ కప్పిన బల్ల, గ్లాసుతో నీళ్లు. చేతులు లెక్కపెట్టే బాధ్యత పోర్ఫీరీకి అప్పగించారు.

ముందు బెస్సోనోవ్ మాట్లాడాడు. "కామ్రేడ్స్, చరిత్రను సృష్టించేది ప్రజలు. ఒక వ్యక్తి కాదు. ఈ సత్యం నేను ఎప్పుడూ నమ్ముతూనే వచ్చాను. నాయకుడి పాత్ర గురించి మనకు అబద్ధాలు చెప్పారు. చెప్పినవాళ్లెవరో చరిత్రే తేలుస్తుంది." ఈ మాట దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడు.

తర్వాత తఖ్తారోవ్‌ను పిలిచారు. ఆయన బొగ్గు మసితోనే వచ్చాడు. మాట్లాడటం అలవాటు తప్పిందని క్షమించమన్నాడు. వంతెన లేదన్నాడు, మంచు ఉందన్నాడు, పీపాలు మంచివన్నాడు. "మీరు ఇచ్చారు, మేం దాటాం. ఎనిమిదో తారీఖు. మీరంతా చూశారు," అని కూర్చున్నాడు. హాలులో చాలామంది తలలూపారు. నిజమే, చూశారు. ఎవరి పీపా పెద్దదన్న విషయమ్మీద వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్లకు చిన్న తగాదా కూడా వచ్చింది.

అంతా సవ్యంగా ముగిసేదే. ఇంతలో కుండల కర్మాగారం నుంచి వచ్చిన స్తెపానీదా అనే ఆవిడ లేచి ఒక సందేహం అడిగింది. పండగ సెలవు ఏడు, ఎనిమిది. ఊరి విముక్తి దినం కింద ఆరో తారీఖు ఈ ఊరికి మాత్రం అదనపు సెలవు. విముక్తి ఎనిమిదికి మారిస్తే ఆ సెలవు ఏమవుతుంది?

బెస్సోనోవ్ నీళ్లు తాగాడు. ఎనిమిది ఎలాగూ సెలవే కాబట్టి, ఒకే రోజుకు రెండు సెలవులు ఇవ్వడం సాధ్యం కాదని వివరించాడు.

నాయకుడి పాత్ర మీద, సైన్యం పాత్ర మీద, ఇన్నేళ్లుగా రాజధానిలో పండితులు తేల్చలేకపోయిన ప్రశ్న గురించి లుగోవెట్స్ ప్రజలు అప్పుడు మొట్టమొదటిసారి స్వయంగా, లోతుగా ఆలోచించడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన లేచి, ఆరో తారీఖున రేడియో విన్న మాట మాత్రం వాస్తవమన్నాడు. ఆ నేలమాళిగలో తనూ ఉన్నానన్నాడు. విముక్తి అనేది మనసుకు సంబంధించినదని పాఠశాల ప్రధానోపాధ్యాయిని అంది. ఆరో తారీఖు సాయంత్రమే ఒకరిద్దరు మన సైనికులు కనిపించినట్టు గుర్తని ఇంకెవరో అన్నారు. కనిపించారని మరో ఇద్దరు ఒప్పుకున్నారు.

ఓటింగు జరిగింది. తారీఖు ఆరే ఉండాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. పోర్ఫీరీ కుడినుంచి ఎడమకు, ముందునుంచి వెనక్కు లెక్కపెట్టుకుంటూ పోయాడు. పీపాలిచ్చిన చేతులు లేచాయి. నదిలో పోయినవాళ్ల భార్యల చేతులు కూడా లేచాయి. అగ్రాఫేనా పక్కనున్న మవ్రా చెయ్యి కూడా లేచింది. ఆవిడ మొగుడు, నికీఫోర్ ఒకే తెప్ప మీద పోయారు.

"నువ్వు కూడానా మవ్రా?" అంది అగ్రాఫేనా.

"వాళ్లకి ఏ రోజైతే ఏమే తల్లీ, రోజూ సెలవే. మనకి ఏడాదికొక్కసారి నడుం వాల్చుకోడానికి మూడ్రోజులు దొరుకుతాయి," అంది మవ్రా. ఆవిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

లెక్కపెట్టేవాడు చెయ్యెత్తనక్కర్లేదన్నది సభా నియమాల్లో ఎంతో మానవత్వం గల నియమం. పోర్ఫీరీ దాని విలువ ఆ రోజు తెలుసుకున్నాడు.

ప్రజాభిప్రాయం వెల్లడయ్యాక బెస్సోనోవ్ గుండె కరిగింది. వీర వనితలను ఉత్త చేతులతో పంపడం భావ్యం కాదన్నాడు. స్తంభం మీద పేర్లు ఎక్కించడానికి తనకు అభ్యంతరం లేదన్నాడు. ఒక్క చిన్న సవరణ: చనిపోయిన తారీఖు అయిదు అని రాసుకోవాలి. అయిదున చనిపోతే ఆరున విముక్తి సబబుగా ఉంటుంది. సంతకం పెట్టినవాళ్ల పేరు వసంతానికల్లా రాతి మీద ఉంటుంది.

విధవలు బల్ల దగ్గర బారుతీరారు. ఒక్కొక్కరే సంతకం పెట్టి, కళ్లు తుడుచుకుని, బెస్సోనోవ్‌కు దండం పెట్టి వెళ్లారు. అగ్రాఫేనా వంతు వచ్చింది. పోర్ఫీరీ తనే కలం సిరాలో ముంచి అందించాడు.

"పెట్టక్కా. పేరు ఎక్కుతుంది. నువ్వడిగింది అదే కదా."

అగ్రాఫేనా కలం పట్టుకుంది. ఆ కాగితంలో ఉన్నది రెండుసార్లు చదివించుకుంది.

"అయిదో తారీఖున చచ్చిపోతే, ఏడో తారీఖు సాయంత్రం మా ఇంటికొచ్చిందెవరురా?" అంది.

బెస్సోనోవ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. నా క్యాబేజీ పారబోశాడు. నేను తిట్టాను. అదొక్క పూటే నాకు మిగిలింది. అది కూడా మీ రాతికి ఇచ్చెయ్యమంటావా?"

"అక్కా, ఎవరికీ తెలియని పూట కోసం..." అన్నాడు పోర్ఫీరీ.

"నీకు తెలుసు. నువ్వు చెయ్యెత్తలేదు, దింపలేదు. నిన్ను చదివించింది లెక్కపెట్టడానికా?" అని కలం బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

వసంతంలో పేర్లు చెక్కారు. అయిదో తారీఖున ఒక్కరోజే అంతమంది వీరులు నేలకొరగడం చూసి బయటి ఊళ్లనుంచి వచ్చేవాళ్లు నిట్టూరుస్తారు. ఆ రోజు అంత భీకరమైన పోరు జరగబట్టే ఆరున విముక్తి సాధ్యమైందని పోర్ఫీరీ వాళ్లకు వివరిస్తాడు. దీనిలో నాయకుడి వాటా ఎంతని ఎవరైనా అడిగితే, కొంచెమూ లేదని నిర్భయంగా చెబుతాడు. ఆదివారాలు అతను ఇప్పుడు తన ఇంట్లోనే భోంచేస్తున్నాడు.

నికీఫోర్ పేరు స్తంభం మీద లేదు. కాబట్టి అతను లుగోవెట్స్ కోసం చనిపోలేదు. అజాగ్రత్తగా ఉన్నాడంతే.

ఆరో తారీఖున ఊరంతా పండగ చేసుకుంటుంది. ఆ రోజు పనిచేసేది అగ్రాఫేనా ఒక్కతే. తెల్లవారకముందే బట్టీ రాజేస్తుంది. పండగ బల్లమీదికి వేడి వేడి నల్ల రొట్టె కావాలని జనం వెనక గుమ్మం దగ్గరికి వస్తారు. కొత్త కోట్లు వేసుకుని, అప్పటికే కాస్త తాగి, విముక్తి దిన శుభాకాంక్షలు చెబుతారు. ఆవిడ రొట్టె గుడ్డలో చుట్టి చేతిలో పెట్టి, ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెబుతుంది.

"ఊళ్లో ఇంకా జర్మన్లున్నారు. గోడ పక్కనుంచి వెళ్లండి."

పాపం, మొగుడు పోయాక మతి కాస్త చలించిందని జనం నవ్వుకుంటూ వెళతారు. వాళ్లలో వయసు మళ్లినవాళ్లు కొందరు మాత్రం, మలుపు తిరిగేదాకా, గోడ పక్కనుంచే నడుస్తారు.